అరువు తెచ్చుకున్న అభిప్రాయాలు

ఈ మధ్య పుస్తకాల గురించి మాట్లాడుకునే ఒక చిన్న సమావేశానికి వెళ్లాను. ఎవరికి నచ్చిన నవల గురించి వాళ్లు నాలుగు మాటలు చెప్పాలి. డిగ్రీ చదువుతున్న ఒకమ్మాయి లేచి, యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' చదివాననీ, అందులో జయంతి తనకు బాగా నచ్చిందనీ మొదలుపెట్టింది. ఆమె మాట పూర్తవకుండానే వెనక వరసలోంచి ఒక పెద్దాయన, "అవి నవలలు కావమ్మా. ముందు బుచ్చిబాబుని చదువు, తర్వాత మాట్లాడదాం" అన్నారు. కొంతమంది నవ్వారు. ఆ అమ్మాయి ఇంకేమీ చెప్పకుండా కూర్చుండిపోయింది.

టీ తాగేటప్పుడు ఆయన పక్కన నిలబడి, "సెక్రటరీలో మీకు నచ్చనిది ఏమిటండీ?" అని అడిగాను. ఆరడుగుల హీరోల గురించీ, పొడవాటి కార్ల గురించీ, మేడల గురించీ చాలాసేపు చెప్పారు. జయంతి చేసిన ఉద్యోగం గురించి, ఆమె బామ్మ గురించి అడిగితే సమాధానం రాలేదు. కాసేపటికి తెలిసిందేమిటంటే ఆయన ఆ పుస్తకం చదవలేదు. 1976లో అక్కినేని, వాణిశ్రీ నటించిన సినిమా చూశారు. మిగతాదంతా ఎవరో అనగా విన్నది, ఎక్కడో చదివిన వ్యాసంలోది.

ఆయన మంచి పాఠకుడే. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' గురించి ఆయన మాట్లాడుతుంటే వినాలనిపిస్తుంది. ఆ నవల నాయకుడు దయానిధి మనసులో జరిగేదంతా తన ఇంట్లో జరిగినట్టు చెబుతారు. అంత శ్రద్ధగా చదివే మనిషి, చదవని పుస్తకం మీద అంత గట్టిగా తీర్పు ఎలా చెప్పగలిగారు అన్నదే నన్ను ఇంటిదాకా వెంటాడింది. పాపులర్ నవల అనేసరికి చదవక్కర్లేదు, అభిప్రాయం ఉంటే చాలు అన్న వెసులుబాటు మనకెవరో ఇచ్చినట్టుంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పాపులర్ నవలని మెచ్చుకున్నా, తిట్టినా, దాని పేజీల్లోంచి మాట్లాడాలి. మనలో చాలామంది అలా మాట్లాడటం లేదు, రెండు వైపులా.

మధ్యలోనే పుట్టే అభిప్రాయం

వారపత్రికల సీరియల్ రోజుల్లో పాఠకుల అభిప్రాయానికి ఇప్పుడు లేని ఒక సుగుణం ఉండేది. అది కథ నడుస్తుండగానే పుట్టేది. పుస్తకం మూసేశాక ఒక్క మాటలో తేల్చే అవకాశం లేదు. వారం వారం ఒక ముక్క వస్తుంది, ఆ ముక్క మీద వారమంతా మాట్లాడుకోవాలి. "వాడు నిజం చెప్పేస్తే సరిపోయేది కదా, ఎందుకు దాచాడు?" అని ఒకరంటే, "చెబితే ఆ పిల్ల నమ్ముతుందా?" అని ఇంకొకరు. బావి దగ్గర, బస్సులో, ఆఫీసు లంచ్‌లో ఇదే వాదన. పాత్ర ఏం చేసింది, ఎందుకు చేసింది, వచ్చే వారం ఏం చేస్తుంది. సాహిత్య విమర్శ అని ఎవరూ పేరు పెట్టలేదు కానీ, పాత్ర స్వభావానికీ దాని పనికీ పొంతన కుదిరిందా లేదా అని చూడటం కంటే విమర్శ ఏముంటుంది?

మా పిన్ని సీరియల్స్ చింపి దాచి బైండు చేయించేది. అలా బైండు చేయించిన పుస్తకాలు చాలా ఇళ్లల్లో ఉండేవి. పేజీ నంబర్లు వరసగా ఉండవు, సీరియల్ ముక్క వెనక సబ్బు ప్రకటన ఉంటుంది, ఒక్కోచోట పాఠకుల ఉత్తరాల పేజీ కూడా కలిసిపోయి ఉంటుంది. నాకు నవల కంటే ఆ ఉత్తరాలే ఎక్కువ ఇష్టంగా ఉండేవి. నవల సగంలో ఉండగా రాసిన ఉత్తరాలు అవి. ఒకావిడ రాసింది, హీరోయిన్ అంత చదువుకుని కూడా అత్తగారి మాటకు ఎదురు చెప్పకపోవడం సహజంగా లేదని. రెండు ముక్కల తర్వాత ఇంకొకావిడ జవాబు: చదువుకున్నవాళ్లే ఎక్కువ నోరు మూసుకుంటారు, మా ఇంట్లో నేనే ఉదాహరణ అని. నవలలో ఆ అత్తాకోడళ్ల సంగతి ఎలా తేలిందో ఇప్పుడు నాకు గుర్తులేదు. ఆ రెండో ఉత్తరం మాత్రం మరిచిపోలేదు.

ఆ ఉత్తరం రాసినావిడ నవలని మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. తన జీవితాన్ని పక్కన పెట్టి సరిచూసుకుంది. పాపులర్ నవలకి ఉన్న అసలు బలం అక్కడుందని నా నమ్మకం. అది చదివినవాళ్లు తమకు సంబంధం ఉందనుకుంటారు కాబట్టి దానితో తగువు పెట్టుకుంటారు. గొప్ప పుస్తకం ముందు చేతులు కట్టుకుని నిలబడే మనిషి, సీరియల్ ముందు నడుం మీద చెయ్యి వేసుకుని అడుగుతుంది, "ఇదెక్కడి న్యాయం?" అని.

అద్దె పుస్తకాల అంచుల్లో

అద్దె పుస్తకాల షాపులు చూసిన తరానికి ఇంకో సంగతి తెలుసు. ఆ పుస్తకాల అట్టలు దళసరి కాగితంతో కుట్టి ఉండేవి, మొదటి పేజీలు కొన్ని ఊడిపోయి ఉండేవి, లోపల అంచుల్లో పెన్సిలుతోనో బాల్‌పెన్నుతోనో రాతలు. డిటెక్టివ్ నవల మొదటి పేజీలోనే హంతకుడి పేరు రాసిపెట్టే దుర్మార్గులు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. వాళ్లను వదిలేయండి. మిగతా రాతలు మాత్రం నిజమైన పాఠకుల అభిప్రాయాలు.

ఒక ప్రేమ నవలలో హీరో త్యాగం చేసే చోట ఎవరో రాశారు: "ఇంత మంచి మగాడు ఉంటాడా?" దాని కింద వేరే చేతిరాత: "ఉంటాడు. మా అన్నయ్య." ఇంకా కింద మూడో రాత, చిన్న అక్షరాలతో: "మీ వదినని అడిగి రాయండి." ఈ ముగ్గురూ ఒకరినొకరు ఎప్పుడూ చూసి ఉండరు. మూడో మనిషి రాసిన ఆ ఒక్క వాక్యంలో ఉన్నది నాకు చాలా సమీక్షల్లో కనిపించలేదు. మంచితనాన్ని ఎవరు చూసి చెబుతున్నారు, ఎవరు భరించి చెబుతున్నారు అన్న ప్రశ్న అది. త్యాగమూర్తి హీరోల మీద స్త్రీవాద విమర్శకులు తర్వాత ఓపిగ్గా రాసిన మాటని, పేరు తెలియని ఒక పాఠకురాలు ఆ అంచు మీద రాసి పుస్తకం తిరిగి ఇచ్చేసింది. పాఠకురాలనే అనుకుంటున్నాను. ఆ వాక్యం ఆడమనిషి రాసిందనే నాకు అనిపిస్తుంది.

ఇలాంటి చదువరులని కలిపి మనం 'వంటింటి పాఠకులు' అన్నాం. 1960లు, 70లలో రచయిత్రుల నవలలకు ఎంత గిరాకీ ఉండేదంటే మగవాళ్లు ఆడపేర్లతో రాశారు. పురాణం సుబ్రహ్మణ్యశర్మ 'ఇల్లాలి ముచ్చట్లు' పురాణం సీత పేరుతో నడిపారు. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' సినిమా అయింది, 'ప్రేమనగర్' 1971లో. నిర్మాతలు రచయిత్రుల ఇళ్లకు వెళ్లారు, సంపాదకులు వాళ్ల సీరియల్ కోసం ఎదురుచూశారు. అదే సమయంలో సభల్లో ఆ నవలల గురించి 'ఆడవాళ్ల నవలలు' అన్న మాట వాడారు. ఆ మాటలో నవల మీద ఎంత చిన్నచూపు ఉందో, దాన్ని చదివే మనిషి మీద అంతకంటే ఎక్కువ ఉంది. మధ్యాహ్నం పని ముగించుకుని చదివే మనిషికి అభిప్రాయం ఏముంటుంది అన్న ధీమా అది.

ఇది అప్పుడే మొదలైంది కూడా కాదు. అంతకు ముందు కొవ్వలి లక్ష్మీనరసింహారావు వెయ్యి నవలలు రాశారని ప్రసిద్ధి. రైల్వే స్టేషన్లలో కొని ప్రయాణం అయ్యేలోపు చదివేసే నవలలు. ఆడపిల్లలు చెడిపోతారని పెద్దలు దాచేవారు, ఆడపిల్లలు వాటిని వెతికి చదివేవారు. కొవ్వలి కోసమే చదవడం నేర్చుకున్నామని చెప్పే ముసలమ్మలని నేనూ ఎరుగుదును. ఆ పుస్తకాలు ఎలాంటివన్నది ఇంకో చర్చ. అక్షరం మీద పట్టు దొరికిన మనిషి ఆ తర్వాత ఏం చదువుతుందో ఎవరూ ఆపలేరు కదా.

తిట్టడం చేతనైన మనిషి

ఇక్కడ నా వాదానికి గట్టి అడ్డు ఒకటుంది. సరే, పాఠకులకు నచ్చింది. నచ్చినంత మాత్రాన ఆ నవల చేసే చెడు చెడు కాకుండా పోతుందా?

పోదు. 1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చినప్పటి సంగతి ఆ తరం వాళ్లని అడగండి. పత్రిక వచ్చే రోజు కోసం కాచుకు కూర్చునేవాళ్లు. చిన్నపాప తులసి మీద క్షుద్రప్రయోగం, ఒకవైపు వైద్యం, మరోవైపు మంత్రం, రెంటి మధ్య నలిగిపోయే తల్లిదండ్రులు. కథ నడిపించే నేర్పు గురించి ఎవరికీ అనుమానం లేదు. ఆ రోజుల్లో మా వీధిలో ఒకావిడ పాత బొమ్మలు తీసి అటక మీద కూడా ఉంచకుండా పారేసింది. గుమ్మం ముందు నిమ్మకాయ కనిపిస్తే పక్కింటివాళ్లను అనుమానించిన ఇల్లు నాకు తెలుసు. ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదు. చేతబడి చేశారన్న నెపంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన పేపర్లలో వస్తూనే ఉన్నాయి. అలాంటి నేల మీద మంత్రమూ మందూ రెండూ పనిచేసి ఉండొచ్చు అన్న సందేహాన్ని లక్షలమంది మనసులో వదిలే నవలని, "బాగా రాశాడు" అని మాత్రమే అంటే సరిపోదు.

అయితే ఆ నవల మీద అందరికంటే పదునైన దాడి ఎవరు చేశారో గుర్తు తెచ్చుకోండి. రంగనాయకమ్మ. 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అన్నారు. ఆ మాట ఒక్కటే విన్నవాళ్లు అదొక తిట్టు అనుకుంటారు. కానీ ఆమె ఆ నవలని వదిలేయలేదు. సంఘటన తర్వాత సంఘటన తీసుకుని, ఇక్కడ ఇలా రాశారు, అక్కడ దానికి విరుద్ధంగా రాశారు, పాఠకుడి మనసులో ఏం మిగులుతుంది అని ప్రశ్నలు వేసి రాశారు. ఒక పాపులర్ నవల కోసం అంత సమయం, అంత కోపం, అంత కాగితం ఖర్చు పెట్టిన విమర్శకులు మనకు ఎంతమంది ఉన్నారు? ఆమె నిర్ణయాలన్నిటితో నేను ఏకీభవించను. కల్పనకి ఉండే వెసులుబాటుని ఆమె చాలా తక్కువ చేసి చూస్తారనిపిస్తుంది. భయం పుట్టించే కథ అన్నాక కొంతసేపు పాఠకుడు నమ్మాల్సిందే, లేకపోతే కథే లేదు. కానీ ఆమెతో నేను పోట్లాడగలుగుతున్నానంటే, ఆమె పేజీ చూపించి మాట్లాడారు కాబట్టి. "అవి నవలలు కావు" అన్న పెద్దాయనతో పోట్లాడటానికి నాకు చోటే లేదు.

ఇంకో మాట. రంగనాయకమ్మ స్వయంగా పాపులర్ నవలా రచయిత్రి. 'బలిపీఠం' 1975లో సినిమాగా కూడా వచ్చింది. 'స్వీట్ హోం' చదివి నవ్వని ఇల్లు అప్పట్లో తక్కువ. తన పాత నవలల మీద తర్వాతి ముద్రణల ముందుమాటల్లో తనే తప్పులు ఎత్తి చూపుతూ రాసుకున్నారు. పుస్తకం అలాగే ఉంటుంది, దాని ముందు దాని మీద అభ్యంతరం కూడా ఉంటుంది. పాఠకులుగా మనం మన అభిప్రాయాల విషయంలో చేయాల్సింది కూడా ఇంచుమించు ఇదేనని నాకు అనిపిస్తుంది. పదిహేనేళ్ల వయసులో నచ్చిందని చెప్పండి. ఇప్పుడు ఏం కనిపిస్తోందో అదీ చెప్పండి. రెండోదాని కోసం మొదటిదాన్ని చెరిపేయకండి.

చెరిపేస్తున్నాం కాబట్టే ఇంత చెబుతున్నాను. నా ఈడువాళ్లలో చాలామంది యద్దనపూడి, యండమూరి, మల్లాది చదివి పెరిగినవాళ్లు. పరీక్షల ముందు రోజు కూడా పాఠ్యపుస్తకం మధ్యలో పెట్టుకుని చదివినవాళ్లు. ఇప్పుడు నలుగురిలో ఆ పేర్లు వస్తే, "ఆ వయసులో ఏదో చదివాంలే" అంటారు. మళ్లీ చదివి అలా అంటే నాకు అభ్యంతరం లేదు. మళ్లీ చదవరు. ఎదిగామని చూపించుకోవడానికి పాత ఇష్టాన్ని ఇచ్చేస్తారు. చెప్పకుండా దాచుకునేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల ఇళ్లలో అలమర ముందు వరసలో ఒక రకం పుస్తకాలు, వెనక వరసలో ఇంకో రకం.

నచ్చినవాళ్లతోనూ పేచీ ఉంది

ఇంతవరకూ తిట్టేవాళ్ల గురించి చెప్పాను. మెచ్చుకునేవాళ్లు చెప్పేది ఇంకా తక్కువ. "ఏకబిగిన చదివించింది", "కింద పెట్టబుద్ధి కాలేదు", "మనసుని కదిలించింది". ఈ మూడు వాక్యాలూ ఏ నవలకైనా సరిపోతాయి. అందుకే ఏ నవల గురించీ ఏమీ చెప్పవు. ఇప్పుడు వీటికి నక్షత్రాలు కూడా తోడయ్యాయి. ఐదుకి నాలుగున్నర. ఆ పోయిన అర ఎక్కడ పోయింది? పాత్ర చిత్రణలోనా, ముగింపులోనా, అచ్చుతప్పుల్లోనా? రీల్స్‌లో పుస్తకాన్ని మొహం పక్కన పట్టుకుని "ఇది మీ జీవితాన్ని మార్చేస్తుంది" అంటారు. ఎవరి జీవితం, ఏ పేజీ దగ్గర, ఎటు మారిందో అడిగితే చెప్పగలిగేవాళ్లు కొద్దిమందే.

దీనికి ఒక పాఠకురాలు నాకు ఇచ్చిన జవాబు న్యాయంగానే ఉంది. "పగలంతా ఆఫీసులో ప్రతిదానికీ కారణం చెప్పి చెప్పి వస్తాను. రాత్రి ఒక గంట ఒక నవల చదువుకుని హాయిగా ఉంటే, దానికి కూడా కారణం రాసివ్వాలా?" అంది. అక్కర్లేదు. చదివి సంతోషించి ఊరుకునే హక్కు ఎవరికైనా ఉంది, దానికి లెక్క చెప్పాల్సిన పని లేదు. టెన్షన్ తగ్గించుకోవడానికి చదివినా అది చదవడమే. కానీ ఆ పుస్తకం చదవమని ఇంకొకరికి చెప్పాలనుకున్న నిమిషంలో సంగతి మారుతుంది. అప్పుడు ఎదుటిమనిషి సమయం మీద మనం ఒక మాట వేస్తున్నాం. ఆ మాటలో కనీసం ఒక్క సంఘటన, ఒక్క పాత్ర, ఒక్క అనుమానమైనా ఉండాలి. మా మేనమామ కూతురు ఒక థ్రిల్లర్ గురించి చెబుతూ, "చివరి ముప్ఫై పేజీలు తొందరగా కానిచ్చేశారు వదినా, సీరియల్ ముగించమని పత్రికవాళ్లు చెప్పారేమో అనిపించింది. అయినా ఆ లాయరు పాత్ర కోసం చదువు" అంది. ఆ ఒక్క మాటతో ఆ పుస్తకం నాకు ఎంత కావాలో అంత తెలిసింది. లాయరు పాత్ర కోసం చదివాను. ఆమె చెప్పింది రెండూ నిజమే.

పాఠకులకు గుర్తుండటంలో ఉన్న బలాన్ని కూడా తక్కువ అంచనా వేయకూడదు. 2016లో 'అ ఆ' సినిమా వచ్చినప్పుడు, ఇది యద్దనపూడి 'మీనా' కదా అని వెంటనే గుర్తుపట్టింది ఆ నవల చదివిన పాఠకులే. అదే నవల 1973లో విజయనిర్మల దర్శకత్వంలో అదే పేరుతో సినిమాగా వచ్చింది. దశాబ్దాల క్రితం చదివిన కథని ఒక్కో సన్నివేశం పక్కన పెట్టి, ఇది అక్కడిది, ఇది మార్చారు, ఇక్కడ తల్లి పాత్రని ఇలా చేశారు అని చెప్పినవాళ్లున్నారు. "ఏదో కాలక్షేపానికి చదివాం" అనే పుస్తకం ఎవరికీ అంత వివరంగా గుర్తుండదు.

చదవని గొప్ప పుస్తకాలు

అరువు అభిప్రాయం పాపులర్ నవలలకే పరిమితం అనుకుంటే పొరపాటు. అవతలి గట్టున కూడా ఇదే జరుగుతుంది, కాకపోతే అక్కడ అరువు తెచ్చుకునేది పొగడ్త. విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' గొప్పదని నాతో చెప్పినవాళ్లందరూ దాన్ని చదివి ఉంటే ఆ పుస్తకం అద్దె షాపులో కూడా దొరికేది కాదు. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో అడివి బాపిరాజు 'నారాయణరావు'తో కలిసి బహుమతి పంచుకుంది. పి.వి. నరసింహారావు 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి అనువదించారు. ఈ రెండు విషయాలూ చాలామంది చెబుతారు. ఆ తర్వాత మాట ముందుకు నడవదు. గొప్ప అని ఒప్పుకోవడంతో పని అయిపోతుంది, చదవాల్సిన అవసరం తీరిపోతుంది.

చదివి తిట్టినవాళ్లున్నారు. ఆ నవలలోని వర్ణవ్యవస్థ సమర్థన చూసి మండిపడినవాళ్లు. చదివి నెత్తిన పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ రెండు రకాల వాళ్లు కూర్చుని మాట్లాడుకుంటే వినడం నాకు పండగ. వాళ్ల మధ్య పుస్తకం ఉంటుంది. చదవకుండా పొగిడేవాళ్ల మధ్య పుస్తకం ఉండదు, పేరు ఉంటుంది.

ఇంకో చిక్కు ప్రశ్న. పాపులర్ నవల, మంచి నవల అని మనం గీసే గీత ఎంత నిలకడైనది? 'చివరకు మిగిలేది' కూడా మొదట పత్రికలో ధారావాహికగా వచ్చిందే. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' 1924లో వచ్చినప్పుడు జనం నవ్వుకోవడానికే చదివారు. వందేళ్లయినా నవ్వుకుంటూనే చదువుతున్నారు, దాన్ని ఎవరూ చులకనగా చూడరు. కాలం నిలబెట్టింది కాబట్టి గొప్పదని అనొచ్చు. కానీ కాలం తనంతట తాను ఏదీ నిలబెట్టదు. చదివినవాళ్లు ఇంకొకరికి చెప్పారు, వాళ్లు ఇంకొకరికి. నిలబెట్టింది అభిప్రాయాలే. అందుకే వాటి నాణ్యత గురించి నాకింత పట్టింపు. యద్దనపూడి 2018లో పోయినప్పుడు వచ్చిన నివాళుల్లో ఎక్కువ భాగం ఆమె పాఠకులకు ఎంత ఇష్టమో చెప్పాయి. ఆమె వాక్యం ఎలా నడుస్తుంది, సంభాషణ ఎక్కడ ఆపుతారు, డబ్బున్నవాళ్ల ఇంట్లో డబ్బులేని అమ్మాయి ఎలా కూర్చుంటుందో ఎంత బాగా చూపిస్తారు అన్నది రాసినవాళ్లు తక్కువ. అంతమందికి ప్రియమైన రచయిత్రికి రావాల్సిన గౌరవంలో సగం అలా రాకుండా పోయింది.

మళ్లీ చదివితే

సమావేశం నుంచి వచ్చాక 'సెక్రటరీ' మళ్లీ తీశాను. ఆ అమ్మాయికి ఎందుకు నచ్చిందో నేరుగా పేజీల్లో చూద్దామని. ఇది నా చదువు, మీది వేరుగా ఉండొచ్చు.

నిలబడనివి ముందు చెబుతాను. హీరో, జయంతి యజమాని అయిన రాజశేఖరాన్ని వర్ణించే చోట్ల రచయిత్రి అతనికి దూరంగా నిలబడరు. అతని డబ్బు అతని గుణంగా మారిపోతుంది. మంచివాడు కాబట్టి ఉన్నవాడో, ఉన్నవాడు కాబట్టి మంచివాడో విడదీయలేం. మాట చెబితే తీరిపోయే అపార్థాలు చెప్పకపోవడం వల్లే సాగుతాయి. ఒకప్పుడు ఆ మౌనం ఆత్మాభిమానంగా కనిపించేది, ఇప్పుడు చాలాచోట్ల కథ సాగదీయడానికి వాడుకున్నట్టు కనిపిస్తోంది. పెద్దాయన అన్న మేడలూ కార్లూ కూడా ఉన్నాయి. ఆ మాటకి ఆయన సగం నిజమే చెప్పారు.

కానీ జయంతి ఉంది. 1960ల నడుమ, ఉద్యోగం చేసే అమ్మాయి అంటే ఇంట్లో గడవక పంపారని జాలిపడే రోజుల్లో, తన జీతం తనకు ఎంత అవసరమో దాచుకోని అమ్మాయి ఉంది. నవల పేరే ఆమె ఉద్యోగం పేరు. ప్రేమ కంటే ముందు ఆమెకున్న బెంగ, ఈ పని పోతే బామ్మని ఎలా చూసుకోవాలి అన్నది. యజమాని మంచివాడైనా యజమానే అన్న సంగతి ఆమె ఒక్క క్షణం కూడా మరిచిపోదు. అతను దయ చూపిస్తే కృతజ్ఞత కంటే ముందు అనుమానపడుతుంది. ఆ అనుమానం నవలకి ప్రాణం. కూలీకీ దయకీ మధ్య గీత ఎక్కడుందో నిత్యం చూసుకుంటూ ఉండే ఆ జాగ్రత్త, ఇప్పుడు మొదటి ఉద్యోగంలో చేరిన ఏ అమ్మాయికైనా వెంటనే తెలిసిపోతుంది. డిగ్రీ చదువుతున్న పిల్లకి జయంతి ఎందుకు నచ్చిందో నాకు ఆ పేజీల దగ్గర అర్థమైంది. ఆమెను మాట్లాడనిచ్చి ఉంటే ఇంకా బాగా చెప్పి ఉండేది.

ముగింపు దగ్గర మాత్రం నాకు పేచీ ఉంది. ఇద్దరూ ఒకటవడంతో కథ తృప్తిగా ఆగుతుంది, అప్పటివరకూ జయంతి అంత జాగ్రత్తగా కాపాడుకున్న లెక్క ఏమైందో నవల అడగదు. ఆమె జీతం ఏమవుతుంది? అతని ఇంట్లో ఆమె ఇక ఎవరు? పాఠకులు ఆ ముగింపునే కోరుకున్నారు కాబట్టి రచయిత్రి అలా రాశారని అనేవాళ్లున్నారు. కావచ్చు. జయంతి లాంటి మనిషిని అంత నమ్మకంగా సృష్టించిన రచయిత్రికి ఆ ప్రశ్న తట్టలేదంటే మాత్రం నేను నమ్మను. తట్టి పక్కన పెట్టారనే అనుకుంటున్నాను. ఆ సమావేశంలో మాట్లాడిన అమ్మాయి నంబరు నిర్వాహకుల ద్వారా అడిగి తీసుకుని ఇదే రాసి పంపాను. ఆమె ఒప్పుకోలేదు. జయంతి పెళ్లి తర్వాత కూడా లెక్క అడుగుతుందనీ, నవల చెప్పకపోయినా ఆ పాత్రకి వేరే దారి లేదనీ పెద్ద జవాబు రాసింది. నలభై మూడో పేజీ మళ్లీ చూడమంది.